నాయిన కప్పిన గది

బడిలో ప్రార్థన గంట కొట్టబోయే వేళకు నాయిన ఫోన్ చేశాడు. ఊరి నుంచి కాదు, అచ్చంపేట దాటాక అడవి మొదలయ్యే చోట గుట్టమీద కడుతున్న కొత్త హోటల్ ఆఫీసు నుంచి. ఆయనకు ఫోన్‌లో మాట్లాడడమంటే దూరాన చెలకలో ఉన్న మనిషిని కేకేసి పిలవడమే. చెవికి జానెడు దూరంలో పెట్టుకున్నా స్టాఫ్‌రూంలో అందరికీ వినబడింది.

"బిడ్డా, శనారం నాడు ఒక్క రాత్రి వచ్చి నాతోని ఉండాలె. కొత్త కప్పు."

తోటి టీచర్లకు ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అర్థమై ఒళ్లు మండింది.

మా నాయిన ఇళ్లు కప్పేవాడు. అమరచింత పక్క మా ఊరు. రెండెకరాల చెలక ఉండేది, వానాకాలం దాన్ని దున్నుకునేవాడు. ఎండాకాలం మొదలైతే బోదగడ్డి కట్టలు, నార తాళ్లు, కొడవలి బండిలో వేసుకుని ఊరూరూ తిరిగి గుడిసెలూ కొట్టాలూ కప్పేవాడు. ఇటు మా ఊరి నుంచి అటు గద్వాల దాకా ఆయన చెయ్యి పడని పల్లె లేదంటే నేను గొప్పలు పోతున్నట్టు కాదు. మా ఇంట్లో తాత కాలం నుంచి ఒక పద్ధతి ఉంది. కప్పినవాడు ఇంటివాళ్లకంటే ముందు ఒక రాత్రి భార్యతో సహా ఆ ఇంట్లో పడుకోవాలి. చుక్క కారితే ముందు వాళ్ల మీద కారాలి. ఆ తర్వాతే ఇంటివాళ్లు పాలు పొంగించుకుంటారు.

పడుకోవడానికి ముందు ఇంకో పని ఉంటుంది. మిట్టమధ్యాహ్నం అమ్మ లోపలికి పోయి తలుపు వేసుకుని, కిటికీకి గోనెసంచి అడ్డం పెట్టి, నేలమీద వెల్లకిలా పడుకునేది. నాయిన పైన కప్పుమీద కూర్చునేవాడు. ఎక్కడ సూదిమొనంత వెలుతురు కనబడినా అమ్మ సన్నని వెదురు కట్టెతో ఆ చోట పొడిచేది. పైన గడ్డి కదిలేది. నాయిన అక్కడ పిడికెడు గడ్డి దోపేవాడు. అట్లా మూల మూలా చూసుకుంటూ వచ్చి, ఇంక ఎక్కడా వెలుతురు లేదనుకున్నాక అమ్మ "ఇగ దిగు" అనేది. అంతే. బాగుందని ఆమె ఎన్నడూ అనగా నేను వినలేదు. ఆ రెండు మాటలూ వినబడేదాకా నాయిన ఎంత ఎండైనా కప్పు దిగేవాడు కాదు.

తర్వాత పల్లెల్లో సర్కారు ఇళ్లు వచ్చాయి, స్లాబులు వచ్చాయి, కొట్టాలకు రేకులు వచ్చాయి. పదేళ్లపాటు నాయినను ఒక్కరూ పిలవలేదు. పిలవకపోవడమే మంచిదని నేను అనుకున్నాను. టీచరు ఉద్యోగం వచ్చి నాగర్‌కర్నూల్‌లో స్లాబు ఇల్లు కట్టుకున్నాక, "నాయినా, ఇంక ఎక్కడం బందు పెట్టు" అని మొదట అన్నది నేనే. పడతాడన్న భయం కొంత. నిజం చెప్పొద్దూ, సిగ్గు కూడా కొంత. ఎక్కడ తండ్రి వృత్తి రాయమన్నా వ్యవసాయం అని రాసేదాన్ని. అది అబద్ధం కాదు కాబట్టి మనసు పెద్దగా గుచ్చుకునేది కాదు.

అమ్మ పోయి అప్పటికి మూడేళ్లు. నేను ఒక్కదాన్నే బిడ్డను. అందుకే ఆ ఫోన్ నాకు వచ్చింది.

"శనివారం నాకు తీరదు నాయినా. పరీక్ష పేపర్లు దిద్దాలి," అన్నాను.

ఆయన గొంతు తగ్గించాడు. గొంతు తగ్గించి మాట్లాడడం ఆయనకు చేతనవునని నాకు ఆరోజే తెలిసింది.

"మొత్తం పది రూములు బిడ్డా. నాలుగు కప్పిన. పట్నంల ఉండే ఓనరుకు గడ్డి మీద నమ్మకం లేదు. వాన పడి సుక్క కారిందంటే మిగిలిన ఆరిటి మీద ఆకుపచ్చ రేకులేస్తరంట. నేను కప్పినయి గూడ పీకేస్తరంట. జర వచ్చిపో."

పేపర్లు సంచిలో పెట్టుకుని శనివారం ఒంటిపూట బడి అయ్యాక, మా బడి ఉన్న తిమ్మాజిపేటలోనే బస్సెక్కాను. నాగర్‌కర్నూల్‌లో మారి అచ్చంపేటలో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. బస్టాండులో హోటల్ జీపు, జీపు పక్కన నాయిన. ఉతికిన పంచె, తెల్ల బనీను, భుజాన తువ్వాల. చేతిలో అమ్మ కట్టె. చిన్నప్పటి నుంచి చూసిన కట్టె కాబట్టి చూడగానే గుర్తుపట్టాను. అమ్మ పట్టుకునే చోట నున్నబడి నల్లగా మెరుస్తుంది. దాన్ని ఊరి నుంచి మూడు బస్సులు మారుతూ ఎట్లా తెచ్చాడో, ఎన్ని తలలకు తగిలించాడో అడగలేదు.

"ఇదెందుకు నాయినా?"

"పనిముట్టు," అన్నాడు.

ఏ కొత్త దాన్నీ తొందరపడి మెచ్చుకునే అలవాటు నాకు లేదు. మా బడికి కొత్త బెంచీలు వస్తే ముందు వాటి కాళ్లు ఊపి చూసేదాన్ని. ఆ హోటల్‌కు కూడా ఏదో ఒక వంక పెట్టాలనే మనసులో అనుకుంటూ పోయాను. జీపు గుట్ట మలుపులు తిరిగి పైకి చేరి ఆగేసరికి నా వంకలన్నీ ఎటు పోయాయో తెలియదు. చెట్టును కొట్టకుండా కట్టారు. ఒక రూము అరుగు మధ్యలోంచి పాత ఇప్పచెట్టు లేచి ఉంది. దానికోసం అరుగునే గుండ్రంగా కోశారు. గోడలన్నీ ఆ గుట్ట రాయే, సున్నం కూడా పూయలేదు. నడిచే దారిలో పరిచిన బండల సందుల్లో గడ్డి మొలిచింది. ఆ గోడల మీద, చెట్ల సందుల్లోంచి, నాలుగు కప్పులు కనబడ్డాయి.

నేను పుట్టి పెరిగింది గడ్డికప్పు కింద. అయినా అట్లాంటి కప్పు చూడలేదు. మా ఊళ్లో కప్పులు మనిషి నడుము ఎత్తుదాకా వంగి ఉండేవి. వంగి లోపలికి పోవాలి, తల ఎత్తితే చూరు తగులుతుంది. ఇక్కడ గోడలు ఎత్తు, కప్పు ఇంకా ఎత్తు. కొప్పు దగ్గర తాళ్ల అల్లిక తీర్చిదిద్దిన జడలా ఉంది. చూరు దగ్గర గడ్డిని ఒక్క గీతలో కోశాడు, వేలెడు ఎక్కువ తక్కువ లేదు. అరవై దాటిన మనిషి, పదేళ్లు ఆ పని ముట్టని మనిషి కప్పింది అది. వ్యవసాయం అని రాసుకున్న నా చేతిని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"చూరు కోసుడు బాగుంది నాయినా," అన్నాను.

"సూరు కోసుడు ఎవనికన్న వస్తది. నిలవాలె," అన్నాడు.

హోటల్ మేనేజరు ఎదురొచ్చి మమ్మల్ని ఆఫీసు గదికి తీసుకుపోయాడు. అచ్చంపేటలో బట్టల దుకాణం ఉన్న ముస్లిం కుటుంబంలోని మనిషి. పట్నంలో పెద్ద పెద్ద హోటళ్లలో ఇరవై ఏళ్లు పనిచేసి, సొంత ఊరి దగ్గర కొలువు దొరికిందని వచ్చాడు. నాయిన ఆఫీసు గది గడప ముందే చెప్పులు విడిచి, అక్కడి నుంచి రూముకు పోయే బండల దారంతా వట్టికాళ్లతో నడుస్తున్నాడు. కొంత దూరం పోయాక వెనక నుంచి మేనేజరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, టై, చేతిలో నాయిన చెప్పులు.

"పెద్దయ్యా, ఇవి తొడుక్కోండ్రి. రాళ్లు గుచ్చుకుంటయ్," అని వంగి కాళ్ల ముందు పెట్టాడు.

ఆ ఒక్క పనితో ఆ మనిషి నాకు నచ్చాడు. హోటల్ ఎంత బాగున్నా నేను ఎక్కువగా తలుచుకునేది ఆ చెప్పులనే.

మాకు ఇచ్చింది మొదటి రూము. తలుపు తీయగానే ఎదురుగా గోడ బదులు నిలువెత్తు అద్దం, దాని అవతల లోయ, లోయ నిండా టేకు, మద్ది, వాటి పైన ఒకదాని వెనక ఒకటి కొండలు. మంచం మీద పక్క ఎంత తెల్లగా ఉందంటే కూర్చోవడానికి మనసొప్పలేదు. స్నానాల గదిలో రెండు కుళాయిలు, ఒకదాంట్లో వేడినీళ్లు. మా ఇంట్లో నీళ్లు రెండురోజులకు ఒకసారి వస్తాయి. ఆ కుళాయి తిప్పి, వేళ్లు కాలేదాకా పట్టుకుని, మళ్లీ కట్టేసి, మళ్లీ తిప్పాను. నాకు అసూయ కలిగింది. ఇట్లాంటి గదిలో ఎప్పుడైనా పదిరోజులు ఉండి, ఎవరూ పిలవకుండా, ఒక్క పేపరూ దిద్దకుండా ఆ లోయ చూస్తూ కూర్చోవాలనిపించింది.

నాయిన ఇవేవీ చూడలేదు. లోపలికి వస్తూనే తల పైకెత్తి అట్లాగే నిలబడిపోయాడు.

"నా కప్పు ఏది?" అన్నాడు.

పైన తెల్లటి పలకలు బిగించి ఉన్నాయి. గడ్డి లేదు, వాసాలు లేవు, కొప్పు లేదు. ఎక్కడైనా ఆఫీసులో కూర్చుని తల ఎత్తితే ఏం కనబడుతుందో అదే ఉంది.

"మొన్ననే బిగించిన్రు పెద్దయ్యా. ఏసీ పెట్టినం గద, సల్లదనం గడ్డిలకెల్లి పోతదంట. ఇంగ బల్లులు గిట్ల మీద పడ్తే గెస్టులు పరేషాన్ అయితరు," అని మేనేజరు నచ్చజెప్పాడు.

"మరి లోపటికెల్లి ఎట్ల సూడాలె? ఎలుతురు ఎట్ల దొరకాలె?"

మేనేజరుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. నేను చెప్పాను, అమ్మ సంగతి కూడా. ఆయన శ్రద్ధగా విని, పలకలు ఇప్పుడు విప్పితే మళ్లీ బిగించే మనిషి రావాలి, రేపు చూద్దాం అన్నాడు. పోతూ పోతూ గది చల్లబడాలని ఏసీ వేసిపోయాడు. నాయిన కట్టెను మంచం పక్కన గోడకు ఆనించి, నేలమీద కూర్చున్నాడు. అంత ఖరీదైన గదిలో అంత దిగులుగా కూర్చున్న మనిషి ఆయనే మొదటివాడు అయి ఉంటాడు.

సాయంత్రం తినడానికి పెద్ద హాలుకు పిలిచారు. గిన్నెలన్నీ వరసగా పెట్టి ఉన్నాయి, మనకు కావలసింది మనమే పెట్టుకోవాలి. నాయిన చేతిలో ఖాళీ పళ్లెంతో వరస చివరిదాకా నడిచి, మళ్లీ మొదటికి వచ్చి నిలబడ్డాడు. ఎవరూ వడ్డించకుండా పెట్టుకుని తినడం ఆయనకు దొంగతనంలా ఉంది. చివరికి జొన్నరొట్టె కనబడింది. రొట్టె కింద అరిటాకు ముక్క, పక్కన కోసిన టమాట పువ్వు. ఆ పువ్వును పక్కకు పెట్టి రొట్టె కొసను తుంచి నమిలాడు.

"ఎవరో గాని పిండి మంచిగ పిసికింది," అన్నాడు. ఆరోజు ఆ హోటల్‌ను ఆయన మెచ్చుకున్న మాట అదొక్కటే.

మేము గదికి వచ్చేసరికి కొండల వెనక నల్లబడింది. చూస్తుండగానే వాన లోయ దాటి వచ్చింది. అంత వాన అద్దం వెనక కూర్చుని చూడడం నాకు అదే మొదలు. స్లాబు మీద వాన పడితే తెలుస్తుంది, రేకుల మీద పడితే పక్కవాళ్ల మాట వినబడదు. గడ్డి మీద పడే వానకు చప్పుడు ఉండదు. ఆ సంగతి నేను మరిచేపోయాను. బయట చెట్లు ఊగిపోతున్నాయి, చూరు పొడవునా నీళ్లు ఒకే వరసగా జారుతున్నాయి, లోపల మాత్రం ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. నాయిన అద్దం దగ్గరికి పోయి చూరునే చూస్తూ నిలబడ్డాడు. నీళ్లు గోడకు తగలకుండా రెండడుగుల అవతల పడుతున్నాయి. ఆయన భుజాలు కొంచెం దిగాయి.

"తాగుతలేదు. జారుతుంది," అన్నాడు నెమ్మదిగా.

అప్పుడే మంచం మీద టప్ మని వినబడింది.

ఇద్దరం తిరిగి చూశాం. తెల్లటి పక్కమీద రూపాయి బిళ్లంత తడి. పైన పలకల అతుకు దగ్గర ఇంకో చుక్క ఊరుతోంది. అది ఊరి, బరువెక్కి, మళ్లీ అక్కడే పడింది.

నాయిన ముఖం చూడలేకపోయాను. అమ్మ పోయిననాడు కూడా నిబ్బరంగా నిలబడిన మనిషి ఆ చుక్కను చూసి మంచం పట్టె మీద కూలబడ్డాడు. నేను గబగబా మంచాన్ని పక్కకు జరిపి, చుక్క పడేచోట స్నానాల గదిలోని చెంబు పెట్టాను. తడిసిన పక్కబట్ట మడిచి తిరగేశాను. అన్నీ నిమిషంలో చేశాను. ఇట్లాంటివి కప్పిపుచ్చడంలో నా చెయ్యి ఎంత తొందరగా ఆడుతుందో.

"ఎవరికీ చెప్పకు నాయినా. మంచినీళ్లు ఒలికాయని చెబుదాం. రేపు పొద్దున్నే నువ్వెక్కి సర్దెయ్. ఎవరికి తెలుస్తుంది?"

నాయిన నా వైపు చూశాడు. కోపం లేదు. నేను ఏదో తెలియని భాష మాట్లాడినట్టు చూశాడు.

"నాకు తెల్వదా?" అన్నాడు.

తువ్వాల తలమీద వేసుకుని ఆ వానలోనే ఆఫీసు గదికి పోయాడు. నేను వెనక పరుగెత్తాను. మేనేజరు ముందు నిలబడి, చేతులు కట్టుకుని, "సారూ, నా కప్పు కారింది. మీ పరుపు ఖరాబయింది. వచ్చి సూడుండ్రి," అన్నాడు.

మేనేజరు వచ్చి చూశాడు. చుక్క, చెంబు, జరిపిన మంచం చూశాడు. ఆయనకూ బాధగానే ఉంది, ముఖంలో తెలుస్తోంది. పొద్దున ఓనరుకు చెప్పక తప్పదు పెద్దయ్యా అన్నాడు. వెలుతురు రాగానే నేను ఎక్కి చూస్త, అప్పటిదాంక ఫోన్ చేయకుండ్రి అని నాయిన అడిగాడు. సరేనన్నాడు.

కాసేపటికి వాన ఆగింది. చుక్క ఆగలేదు. "గడ్డి తాగిన నీళ్లు కక్కుతుంది," అన్నాడు నాయిన. మూడు వరసలు వెయ్యవలసిన చోట రెండే వేశానేమో, చేతుల్లో మునుపటి పట్టు లేదేమో, కళ్లు కనబడక ఏదైనా కట్ట వదులుగా కట్టానేమో అని తనలో తాను తప్పులు వెతుక్కుంటూ పోయాడు. నేను కాదనలేదు. కాదనాలని తోచలేదు, ఎందుకంటే నేనూ అట్లాగే అనుకున్నాను. అరవై దాటిన మనిషి, పదేళ్ల విరామం, ఇంకేముంటుంది. నాయిన చలిగా ఉందంటే ఏసీ ఆపేసి, ఇద్దరం నేలమీద దుప్పట్లు పరుచుకుని పడుకున్నాం. ఎదురుగా పరుపు మంచం ఖాళీగా ఉంది.

తెల్లవారి నేను లేచేసరికి నాయిన లేడు. బయటికి వచ్చి చూస్తే కప్పుమీద ఉన్నాడు. లోయలోంచి మబ్బు లేచి రూముల మధ్యకు వచ్చింది. ఆ మబ్బులో, పంచె ఎగగట్టి, వాలు మీద మోకాళ్లతో నిలిచి, చుక్క పడిన చోటుకు సరిగ్గా పైన గడ్డిని విప్పుతున్నాడు. మేనేజరు కింద నిలబడి ఉన్నాడు. పలకలు బిగించే మనిషిని, ఏసీ మనిషిని కూడా పిలిపించాడు.

నాయిన ఒక వరస విప్పి చెయ్యి పెట్టాడు. ఇంకో వరస విప్పాడు. మోచేతిదాకా పెట్టాడు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు. తర్వాత పిడికెడు గడ్డి పీకి నా వైపు విసిరాడు. అందుకున్నాను. అది ఎండినగడ్డి. నలిపితే పొడి రాలింది. ఎండాకాలం మా ఇంటిముందు పేర్చిన కట్టల వాసన వచ్చింది.

"వేలెడు మందం తడిసింది. గంతే. లోపట ఎండి ఉంది," అన్నాడు పైనుంచి. "మరి నీళ్లు ఏడికెల్లి వచ్చినయ్?"

లోపల పలక విప్పిన ఏసీ మనిషి దానికి జవాబు చెప్పాడు. ఆయనకు అదేమంత పెద్ద సంగతి కాదు, ఆవులిస్తూ చెప్పాడు. ఏసీలో ఊరే నీళ్లు బయటికి పోయే పైపు పలకల మీదుగా తీసుకుపోయారు. దాని అతుకు వదులుగా ఉంది. మిషను నడిచినంతసేపూ నీళ్లు ఊరి అతుకులోంచి కారతాయి. వానకూ కప్పుకూ దీనికీ సంబంధమే లేదు.

మేనేజరు ముందు నవ్వాడు, తర్వాత నవ్వు ఆపుకుని బయటికి వచ్చి, తల ఎత్తి, "పెద్దయ్యా, తప్పు మాది. మీది కాదు. మాఫ్ చెయ్యుండ్రి," అన్నాడు. అక్కడే నిలబడి సెల్‌ఫోన్ తీసి ఓనరుకు చేశాడు. ఏసీ పైపు సంగతి, ఎండుగడ్డి సంగతి, ఎంత వాన పడిందో అన్నీ చెప్పాడు. చివరికి, "పదీ గడ్డే సార్. రేకులు వద్దే వద్దు," అనడం నేను విన్నాను. అవతలి జవాబు ఏమిటో ఆయన ముఖంలోనే తెలిసింది.

నేను మాత్రం నవ్వలేకపోయాను. ఏడో తరగతికి సైన్సు చెబుతాను నేను. చల్లటి గ్లాసు బయట నీటిచుక్కలు ఎందుకు చేరతాయో ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెబుతాను. పిల్లలు తప్పు రాస్తే సున్నా వేస్తాను. ఆ గదిలో మిషను నా నెత్తిమీదే ఆడింది, వాన ఆగినా చుక్క ఆగలేదు, అయినా నాకు తట్టలేదు. నాయినకు తెలియదంటే ఆయన ఏసీ మొఖం ఎన్నడూ చూడలేదు. నాకెందుకు తట్టలేదంటే, చుక్క పడకముందే తప్పు నాయినదేనని నా మనసులో ఎప్పుడో రాసిపెట్టుకున్నాను.

విప్పిన వరసలను నాయిన మళ్లీ కట్టాడు. పిడికెడు పిడికెడు దోపి, చెక్కతో తట్టి, తాడు బిగించాడు. అంతా అయ్యాక కూడా దిగలేదు. కప్పుమీద కూర్చుని నన్ను పిలిచాడు.

"బిడ్డా, ఆ పలక ఇంకా తీసే ఉందా?"

"తీసే ఉంది నాయినా."

"నీవు గూడ నాదే అనుకున్నవు గద, ఆ సుక్క?"

మేనేజరు అక్కడే ఉన్నాడు. అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం నోరు తెరిచాను. రాత్రి వానలో చేతులు కట్టుకుని నిలబడిన మనిషి గుర్తొచ్చాడు.

"అవును నాయినా. అనుకున్నాను."

"నేను గూడ అనుకున్న," అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో నామీద నిష్ఠూరం ఏమీ లేదు. "పో. లోపటికి పోయి సూడు. విప్పి కట్టిన జాగ, సూడకుంట ఎట్ల ఒదిలిపెడ్త."

అప్పటికి మబ్బు విడిపోయి ఎండ కప్పుమీద పడింది. నేను లోపలికి పోయి తలుపు వేశాను. అద్దానికి తెరలు పూర్తిగా లాగాను. స్నానాల గదిలోంచి సన్నగా వెలుతురు వస్తుంటే ఆ తలుపూ మూశాను. మంచాన్ని పలక తీసిన చోటి కిందికి జరిపి, అమ్మ కట్టె తీసుకుని, ఆ తెల్లటి పక్కమీద వెల్లకిలా పడుకున్నాను. అమ్మ నేలమీద, మట్టిలో పడుకునేది. కట్టెమీద ఆమె వేళ్లు పట్టిన చోట నా వేళ్లు సరిపోయాయి.

పైన గడ్డి కదులుతున్న చప్పుడు. నాయిన మోకాలు మార్చుకున్నాడు.

"ఏమన్న మెరుస్తుందా?"

పలక తీసిన ఖాళీలోంచి పైకి చూశాను. వాసాలు ఎక్కడ ఉన్నాయో, గడ్డి ఎక్కడ మొదలైందో కూడా తెలియడం లేదు. కళ్లు అలవాటు పడేదాకా ఆగి మళ్లీ చూశాను.

"ఏం మెరుస్తలేదు నాయినా."

"మంచిగ సూడు. మీ అమ్మ మూడుసార్లు సూసేది."

రెండోసారి ఆ మూల నుంచి ఈ మూలదాకా చూశాను. బయట పట్టపగలు, గుట్టంతా ఎండ. ఆ ఎండలో ఒక్క పోగు కూడా నా దాకా రాలేదు. అంత చక్కటి చీకటిని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. మూడోసారి చూడబోతే కళ్లనిండా నీళ్లు. ఏడుస్తున్నానని పైన తెలియకూడదని కాసేపు ఊపిరి బిగబట్టాను. తువ్వాల లేదు, పక్కబట్టతోనే కళ్లు తుడుచుకుని, మూడోసారి కూడా పూర్తిగా చూశాను. పైన నాయిన కదలకుండా కూర్చుని ఉన్నాడు.

"ఇగ దిగు," అన్నాను.